ఇంకో ముగ్గురే

హార్నెల్ గ్యాప్‌లో బేస్‌బాల్ మైదానం ఎడమ కంచె దాటితే సమాధులే. బ్యాటర్ గట్టిగా కొట్టాడంటే బంతి పోయి ఎవరో ఒకరి నెత్తిమీద పడాల్సిందే. ఆ ఊళ్లో దాన్నెవరూ తప్పు పట్టరు. అక్కడ పడుకున్నవాళ్లంతా బొగ్గు గనుల్లో పనిచేసినవాళ్లు, బతికినన్నాళ్లూ ఇదే గ్యాలరీలో కూర్చుని గొంతు చించుకున్నవాళ్లు. సోమవారం పొద్దున కాపలాదారు ఆ బంతులన్నీ ఏరి, బకెట్లో వేసుకొచ్చి గేటు దగ్గర పెట్టిపోతాడు.

కొరీన్ ఆ రాళ్లకేసి చూస్తూ కూర్చుంది. చెప్పడానికి ఇంతకన్నా తగిన చోటు దొరకదనుకుంది. ఆ వెంటనే ఇంతకన్నా దిక్కుమాలిన చోటు కూడా దొరకదనుకుంది.

చెప్పాల్సింది నాలుగు ముక్కలే. రెండేళ్ల కిందట తగ్గిందనుకున్న క్యాన్సర్ తిరగబెట్టింది. ఈసారి కాలేయానికి పాకింది. చలికాలం దాటడం కష్టమని జూలైలో డాక్టరమ్మ చెప్పేసింది. ఈ సంగతి కొరీన్ ఆఫీసులో పక్క బల్ల ఆవిడకి తెలుసు, ఇల్లు అద్దెకిచ్చినాయనకి తెలుసు, విడాకులు తీసుకుని ఏళ్లు గడిచిన మొగుడికి కూడా తెలుసు. తెలియనిది కన్నతండ్రికే. ఈ ఆగస్టు ప్రయాణంలో, నాలుగు ఊళ్లు నాలుగు ఆటలు అయ్యేలోగా ఎలాగైనా చెప్పి తీరాలనే ఆమె ఒళ్లు సహకరించకపోయినా బయల్దేరింది.

తండ్రి ఎల్డన్ ప్రూయిట్ ఒక సీటు అవతల కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. ఇద్దరి మధ్య ఉన్న సీట్లో ఆయన టోపీ ఉంది.

"నాన్నా, నీకో మాట చెప్పాలి."

"బంతి వేసే ఆ కుర్రాడి భుజం చూశావా? ఇంకో రెండు ఇన్నింగ్సులకి జారిపోతుంది."

"ఆట గురించి కాదు."

"ఆటకొచ్చి ఆట గురించి కాకపోతే ఇంక దేని గురించే అమ్మడూ," అంటూ ఆయన లేచాడు. "పిరోగీలు తెస్తానుండు. ఈ ఊరొచ్చి అవి తినకుండా పోతే నాకు నిద్ర పట్టదు."

కొరీన్ వెనక్కి తిరిగి చూసింది. ఆలూ కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటి ఆ పిరోగీల కొట్టు దగ్గర ఒక్కరంటే ఒక్కరు లేరు. ఆయన మాత్రం పళ్లెం చేత్తో పట్టుకుని కంచె వారన నిలబడి ఆట చూస్తున్నాడు. అవి చల్లారి గడ్డకట్టాక తెచ్చి కూతురి ఒళ్లో పెట్టాడు. మొదటి ఊళ్లో జరిగింది ఇంతే.

ఈ ప్రయాణాలు కొరీన్‌కి పదేళ్లప్పుడు మొదలయ్యాయి. ఎల్డన్ బ్రెడ్ కంపెనీ వ్యాను నడిపేవాడు. వేసవిలో సెలవు దొరగ్గానే కూతుర్ని ట్రక్కులో ఎక్కించుకుని చిన్న చిన్న ఊళ్ల మైదానాల వెంట పడేవాడు. పెద్ద జట్లు ఆయనకి గిట్టవు. కోట్లు పుచ్చుకుని ఆడేవాళ్ల ఆట చూడ్డానికి టికెట్టెందుకు, టీవీ చాలంటాడు. ఆయనకి కావాల్సింది మైనర్ లీగు కుర్రాళ్లు. బస్సుల్లో నిద్రపోతూ, ఊరివాళ్లు పెట్టింది తింటూ, ఏదో ఒకనాడు పైకి పిలుపు రాకపోతుందా అని చూసేవాళ్లు. ఇక ఆ మైదానాలు ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు. ఒకచోట గోడ వెనకే రైలు పట్టాలు, డ్రైవరు వేగం తగ్గించి స్కోరు చూసుకుని మరీ పోతాడు. ఇంకోచోట మైదానంలోనే గుట్ట ఉంటుంది, బంతి వెంట పడ్డ కుర్రాడు దానిమీదికి ఎగబాకాలి. మరోచోట జైలు పక్కనే ఉంటుంది. అంపైర్‌ని తిట్టడంలో ఖైదీలు ముందుండేవారు. చిన్నప్పుడు కొరీన్ నేర్చుకున్న బూతులన్నీ ఆ కిటికీలు నేర్పినవే.

అప్పట్లో తండ్రీ కూతుళ్లు ఒకే సంచీలోంచి పల్లీలు తింటూ భుజం భుజం రాసుకుని కూర్చునేవారు. మధ్యలో టోపీ పెట్టుకోవడం జబ్బు తర్వాత వచ్చిన అలవాటు.

ఆ జబ్బప్పటి సంగతి కొరీన్ ఎన్నటికీ మర్చిపోదు. ఆసుపత్రి ఊరికి దూరం. మందు ఎక్కించే ప్రతి రోజూ ఎల్డన్ తెల్లారకముందే వచ్చి ట్రక్కులో తీసుకెళ్లేవాడు. ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. ఆసుపత్రి గుమ్మం దగ్గర దించేవాడు, కారు పార్కింగ్‌లోకి పోయేవాడు, సాయంత్రం దాకా ట్రక్కులోనే రేడియో పెట్టుకుని కూర్చునేవాడు. ఒక్కనాడు కూడా పైకి రాలేదు. పైన అందరి మంచాల పక్కనా ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఒక మొగుడో చెల్లెలో, ఊలు అల్లుకునే అమ్మో ఉండేవారు. కొరీన్ పక్క కుర్చీలో ఆమె కోటు కూర్చునేది. "మీతో ఎవరొచ్చారు?" అని నర్సు అడిగితే "డ్రైవరొచ్చాడు" అని నవ్వేసేది. వాంతులు చేసుకుంటూ ఒంటరిగా పడివున్న ఆ రోజుల్లో తండ్రిమీద పుట్టిన కోపం, జుట్టు తిరిగి మొలిచినా చల్లారలేదు. తిరుగు ప్రయాణంలో కూడా ఎలా ఉందని అడిగేవాడు కాదు. జబ్బు పేరు ఆయన నోట ఇంతవరకూ రాలేదు. తగ్గిందని చెప్పిన రోజున సైతం తలూపి, గేరు మార్చి, ఇంటికి తీసుకొచ్చాడు.

రెండో ఊరు టాల్‌మన్. అక్కడి మైదానం కట్టినవాళ్లకి దిక్కులు తెలియవు కాబోలు, బ్యాటర్ ముఖం సరిగ్గా పడమటికి పెట్టారు. పొద్దువాలే వేళ సూర్యుడు నేరుగా వాడి కళ్లలో పడతాడు. బంతి కనపడక కుర్రాళ్లు దెబ్బలు తింటుంటే విసుగెత్తి, సూర్యుడు కొండ దిగేదాకా ఆట ఆపేయడం ఆ ఊరి రివాజు చేసుకున్నారు. ఆ కాసేపూ ఒక ముసలావిడ ఆర్గన్ వాయిస్తుంది. ఆటగాళ్లు గడ్డిమీద వెల్లకిలా పడుకుంటారు. జనం సాసేజీలు తింటూ కబుర్లాడుకుంటారు.

ఆట లేదు కాబట్టి ఆట వెనక దాక్కోవడమూ కుదరదని కొరీన్ ఎప్పుడో లెక్క వేసుకుంది. అంపైర్ చెయ్యెత్తి ఆట ఆపాడో లేదో ఆమె గొంతు సవరించుకుంది.

"నాన్నా, జూలైలో డాక్టరు దగ్గరికెళ్లాను."

ఎల్డన్ ముఖం మీద ఎర్రటి ఎండ పడుతోంది. కళ్లు చికిలించుకుని మైదానం కేసే చూస్తున్నాడు, అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా.

"నాకు అర్జెంటుగా వెళ్లాలి," అన్నాడు. "ముసలాణ్ణి కదా, ఆగదు."

సూర్యుడు పూర్తిగా దిగిపోయి, ఆటగాళ్లు ప్యాంట్లకంటిన గడ్డి దులుపుకుంటూ లేచాక గానీ ఆయన తిరిగి రాలేదు. వచ్చి టోపీ తీసి మళ్లీ మధ్య సీట్లోనే పెట్టాడు. కొరీన్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ టోపీని ఎత్తి గ్యాలరీ కిందికి విసిరేద్దామనుకుంది. కానీ కడుపులో కుడివైపు నొప్పి అప్పటికే మొదలైంది. బ్యాగులోంచి మాత్ర తీసి నీళ్లు లేకుండా మింగింది.

"నడుం నొప్పా?" అన్నాడు ఎల్డన్ చూడకుండానే.

"నడుమే," అంది కొరీన్.

మూడో ఊరి మైదానాన్ని మైదానమనడానికి నోరు రాదు. హైవే పక్కన మూడేళ్ల కిందట కట్టారు. కుడివైపు గోడ దగ్గర ఈతకొలను, దాని పక్కన రంగులరాట్నం. పిచర్ బంతి వేసే లోపల మైకులో నాలుగు ప్రకటనలు. చేప వేషం వేసుకున్నవాడొకడు గొట్టంలాంటి తుపాకీతో జనం మీదికి టీషర్టులు పేలుస్తున్నాడు. స్కోరెంతని ఎల్డన్ పక్క వరుసలో అడిగితే ఒక్కరికీ తెలియలేదు.

"ఇదేం మైదానమే," అన్నాడాయన అసహ్యంగా. "తిరణాలలో ఎవరో కుర్రాళ్లు బంతాట ఆడుకుంటున్నట్టుంది."

ఆ గోలలో కొరీన్‌కి ఒక తెగింపు వచ్చింది. చెవులు చిల్లులు పడే ఆ మోతలో ఏమన్నా తనకే వినపడదు. ఎదురుగా చూస్తూ, మామూలు గొంతుతో, "నేను చచ్చిపోతున్నాను నాన్నా," అంది.

చేప వేషగాడు పక్క వరుసకి తుపాకీ పేల్చాడు. ఎల్డన్ ఆమెకేసి తిరిగాడు.

"ఏంటీ?"

"ఏం లేదు."

ఎల్డన్ పల్లీల సంచీ మూతి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆట సగంలోనే వెళ్లిపోదామన్నాడు. ఇన్నేళ్లుగా తిరుగుతున్నా ఆయన సగం ఆటలో లేవడం అదే మొదలు. ట్రక్కులో కూర్చోగానే రేడియో పెట్టాడు, మళ్లీ దాన్ని ఆపలేదు. ఎక్కడో ఎవరో ఆడుతూనే ఉన్నారు.

చివరిది బ్రెకిన్ ఫెర్రీ. ఒహాయో నది ఒడ్డున పాత చెక్క గ్యాలరీ. స్తంభాల మీద వరదలొచ్చిన సంవత్సరాలన్నీ ఎక్కడిదాకా నీళ్లొస్తే అక్కడ రంగుతో గీతలు గీసి రాశారు. ఎత్తైన గీత ఎల్డన్ తలకన్నా పైన ఉంది. ఈ ఏడాదితో ఆ జట్టుకి ఆఖరు. లీగువాళ్లు పేరు కొట్టేశారు. ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఆటకి ఊరు ఊరంతా వచ్చింది, సంతాప సభకి వచ్చినట్టు. బట్టలు మాత్రం రంగురంగులవి.

ఎల్డన్ ఈ మైదానంలోనే రెండేళ్లు ఆడాడు. ఆయన కథ ఇక్కడే ముగిసింది కూడా. ఆ కథ కొరీన్ చిన్నప్పటినుంచీ వింటున్నదే.

బేస్‌బాల్‌లో ఒక పిచర్ తొమ్మిది ఇన్నింగ్సులూ బంతి వేసి, అవతలి జట్టులో ఒక్కడికీ ఒక్క హిట్ కూడా, అంటే బంతిని కొట్టి ఔటవకుండా బేస్ చేరే దెబ్బ, దక్కనివ్వకపోవడం అంటే మాటలు కాదు. చాలామంది జన్మంతా ఆడినా దాని దరిదాపులకి రారు. అందుకే అది జరుగుతున్నప్పుడు దాని పేరెత్తకూడదు. బోర్డుమీద హిట్ల గడిలో సున్నా అందరికీ కనిపిస్తుంటుంది, ఎవరూ దాన్ని పైకి అనరు. జట్టువాళ్లు ఆ పిచర్‌తో మాట్లాడరు, పక్కన కూర్చోరు, కళ్లలోకి చూడరు. బెంచీ ఒక చివర వాణ్ణి వాడి మానాన వదిలేసి రెండో చివర ఒకరిమీద ఒకరు పడి సర్దుకుంటారు. అది వెలి వేయడం కాదు. దిష్టి తగలకుండా వాణ్ణి కాపాడుకోవడం.

ఎల్డన్ ఇరవై రెండేళ్ల వయసులో ఇదే బెంచీ చివర అలా కూర్చున్నాడు. ఎనిమిది ఇన్నింగ్సులయ్యాయి, ఒక్క హిట్ లేదు. తొమ్మిదోదాంట్లో ముగ్గుర్ని ఔట్ చేస్తే చాలు. పెద్ద జట్టు తరఫున ఆటగాళ్లని చూసుకునేందుకు వచ్చిన మనిషి గ్యాలరీలో ఉన్నాడు. అప్పుడు లెస్టర్ డ్యూబ్ అనే స్నేహితుడు పక్కన వచ్చి కూర్చుని, మోకాలి మీద చరిచి, "ఇంకో ముగ్గురే, ఎల్డన్. ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు నువ్వు," అన్నాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్ మొదటి బంతినే కొట్టాడు. తర్వాతివాడూ కొట్టాడు. పైనుంచి వచ్చిన మనిషి లేచి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు ఎల్డన్ బ్రెడ్ వ్యాను ఎక్కాడు. లెస్టర్‌తో మళ్లీ మాట్లాడలేదు. అదే వీధిలో నలభై ఏళ్లు ఉన్నా మాట్లాడలేదు.

ఆ ఆదివారం ఊరి జట్టు తరఫున బంతి వేస్తున్నవాడు సన్నగా, చెవులు పెద్దవిగా ఉన్న కుర్రాడు. మూడో ఇన్నింగ్స్ దాకా ఎవరూ పట్టించుకోలేదు. అయిదో ఇన్నింగ్స్‌కి గ్యాలరీలో మాటలు తగ్గాయి. ఏడో ఇన్నింగ్స్‌లో బేస్‌బాల్ ఆనవాయితీ ప్రకారం అందరూ లేచి నిలబడి పాట పాడారు గానీ ఆ పాట కూడా గుసగుసలా ఉంది. బోర్డుమీద సున్నా అలాగే ఉంది.

కొరీన్ ఆటగాళ్ల బెంచీ కేసి చూసింది. కుర్రాడు ఒక చివర కూర్చున్నాడు. చేతిమీద తువ్వాలు కప్పుకుని నేలకేసి చూస్తున్నాడు. మిగతావాళ్లందరూ రెండో చివర. మధ్యలో బెంచీ అంతా ఖాళీ. ఆ ఖాళీలో ఎవరిదో టోపీ ఒకటి పడుంది.

మెల్లగా తల తిప్పి తమ మధ్య సీట్లో ఉన్న టోపీని చూసింది. ఆనాటి ఆసుపత్రి పార్కింగ్‌లో ట్రక్కు కళ్లకి కట్టింది. రేడియో పెట్టుకుని, అద్దాలు ఎత్తుకుని, పైకి రాకుండా, పేరెత్తకుండా, సాయంత్రం దాకా ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషి కనిపించాడు. తగ్గిందని చెప్పిన రోజున కూడా తలూపి ఊరుకున్నాడంటే, ఆయన దృష్టిలో ఆట ఇంకా అవలేదు.

"నాన్నా, అందుకేనా?" అంది. "అందుకేనా నువ్వు పైకి రాలేదు?"

ఎల్డన్ బెంచీ కేసి, ఆమె కేసి చూశాడు. కాదని అనలేదు.

"ఇప్పుడు కాదే. తర్వాత."

"అక్కడ ఒక్కదాన్నే పడున్నాను నాన్నా. నీకు నేనంటే అసహ్యమేమో అనుకున్నాను. ఆ వాసన పడదేమో, చూడలేవేమో అని ఎన్ని అనుకున్నానో."

"అమ్మడూ, నీకు దణ్ణం పెడతాను. ఇప్పుడు వద్దు."

ఆయన నిజంగానే చేతులు జోడించాడు. జాలి కలగాల్సింది. కానీ కొరీన్‌కి కలిగింది కోపమే, రెండేళ్లుగా దాచుకున్నదంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. ఎనిమిదో ఇన్నింగ్స్ అయింది. ఊరి జట్టు రెండు పరుగుల ఆధిక్యంలో ఉంది. కుర్రాడు తువ్వాలు తీసి పక్కన పెట్టి, ఒంటరిగా మైదానంలోకి నడిచాడు. గ్యాలరీలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది.

కొరీన్ లేచి నిలబడింది.

"ఇంకో ముగ్గురే," అంది, అందరికీ వినపడేలా. "ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు ఈ అబ్బాయి."

ముందు వరుసలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. ఎల్డన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమ్మా, ఏ ఊరు మీది?" అన్నాడు ముందున్న లావుపాటి మనిషి పళ్లు నూరుతూ. "అవతలి జట్టువాళ్లు ఏమన్నా ముట్టజెప్పి పంపారా?"

"నోరా అది, డప్పా?" అంది వాళ్లావిడ. "పెద్దాయనా, మీ అమ్మాయేనా? కాస్త కూర్చోబెట్టండి."

"అన్నాను కదా," అంది కొరీన్ కూర్చుంటూ, తండ్రితోనే. "నీ లెస్టర్ మాటలే అన్నాను. హిట్ పడుతుందేమో చూద్దాం."

చూద్దామని అన్న తర్వాత గానీ తను ఏం పందెం కాసిందో ఆమెకి అర్థం కాలేదు. హిట్ పడితే తండ్రి గెలుస్తాడు. ఇంక బతికున్నన్నాళ్లూ ఆయన నోరు విప్పడు, ఆమె పోయేదాకా ట్రక్కులోనే కూర్చుంటాడు. పడకపోతే మాత్రం?

మొదటి బ్యాటర్ మూడుసార్లు బ్యాటు గాలిలోకి ఊపి, ఔటై వెళ్లిపోయాడు. రెండోవాడు కొట్టిన బంతి నేలమీద దొర్లుతూ నేరుగా ఆటగాడి చేతుల్లోకి పోయింది, వాడూ ఔటే. ఎల్డన్ రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. కొరీన్ ఆయన ముఖం చూసింది. ఆ క్షణంలో ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. పడకపోతే ఈ మనిషికి ఏం మిగులుతుంది? బ్రెడ్ వ్యాను, లెస్టర్ డ్యూబ్, ఎండలో ట్రక్కు, అన్నీ ఉత్తవే అయిపోతాయి. పడనీ దేవుడా, అనుకుంది. పడనీ, ఈయన అనుకున్నదే నిజం కానీ.

మూడోవాడు గట్టిగా కొట్టాడు. బ్యాటు తగిలిన చప్పుడుకే గ్యాలరీ అంతా మూలిగింది. బంతి కిందుగా, వేగంగా, ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఖాళీలోకి దూసుకుపోయింది. పడింది, అనుకుంది కొరీన్. లేచి నిలబడింది కూడా. మధ్యలో ఉన్న ఆటగాడు ఎక్కణ్ణుంచి పరుగెత్తుకొచ్చాడో, గడ్డిమీద బోర్లా పడి జారిపోయి, చెయ్యి పైకెత్తాడు. చేతిలో బంతి ఉంది.

చెక్క గ్యాలరీ కూలిపోతుందేమో అన్నంతగా అరిచారు. జట్టంతా పరుగెత్తుకెళ్లి కుర్రాడి మీద పడింది. ఇంతసేపూ వాడి ముఖం చూడనివాళ్లు వాడి తల నిమురుతున్నారు, ముద్దులు పెడుతున్నారు. లావుపాటి మనిషి కొరీన్‌ని వాటేసుకున్నాడు.

"నీ నోటి చలవ కాదులే తల్లీ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "అయినా క్షమించేశాను, పో."

ఎల్డన్ లేవలేదు. అందరూ నిలబడి ఉన్నారు కాబట్టి ఆయనకి మైదానం కనిపించి ఉండదు, ముందువాళ్ల నడుములు తప్ప. కొరీన్ కూర్చుంది. గెలిచినందుకు ఆమెకి రవ్వంత సంతోషం లేదు.

"లెస్టర్ చావుకి కూడా వెళ్లలేదు నేను," అన్నాడాయన. "వాళ్లావిడ ఫోను చేసింది. శవపేటిక మోయడానికి మనిషి తక్కువయ్యాడంది. అయినా వెళ్లలేదు."

కొరీన్ ఆయనకేసి తిరిగింది.

"ఆనాడు ఆ బంతి నేనే పైకి వేసి ఉంటాను. చెయ్యి అలిసిపోయి ఉంటుంది. అంతే అయుంటుంది." ఎటో చూస్తూ, "అయితే ఆసుపత్రిలో నేను పైకి వచ్చి ఉండొచ్చన్నమాట," అన్నాడు.

ఆయనకి చెబుదామనుకున్న అబద్ధం కొరీన్ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"వచ్చి ఉండొచ్చు నాన్నా," అంది.

ఎల్డన్ తలూపాడు. జనం మెట్లు దిగుతున్నారు. లావుపాటాయన వెళ్తూ వెళ్తూ స్తంభం మీది వరద గీతని వేళ్లతో తాకి పోయాడు. అతని వెనకవాళ్లు కూడా తాకారు.

"మళ్లీ వచ్చింది," అంది కొరీన్. "ఈసారి కాలేయం. ఇంక మందు ఎక్కించినా లాభం లేదన్నారు, నేనూ వద్దన్నాను."

"తెలుసు. ఆ చేప వేషంవాడి ఊళ్లో అన్నావుగా. వినపడింది."

"మరి ఏంటీ అన్నావేం?"

"ఏమనను మరి?" అన్నాడాయన. "ఎప్పటిదాకా అన్నారు?"

"క్రిస్మస్ చూస్తానేమో అంది. చూడకపోవచ్చు కూడానట."

ఎల్డన్ మధ్య సీట్లోంచి టోపీ తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ తిప్పి, చివరికి మోకాలికి తగిలించుకున్నాడు. తర్వాత రెండు చేతులూ ఆనించుకుని, కష్టంగా జరిగి ఆ సీట్లో కూర్చున్నాడు. ఆయన భుజం కొరీన్ భుజానికి తగిలింది. చిన్నప్పటి పల్లీల వాసనే.

"చివర్లో ఆసుపత్రిలో పెడతారట," అంది కొరీన్. "ఈసారి పైకి రా నాన్నా."

"వస్తాను. వచ్చి ఏం మాట్లాడాలి? నాకు చేతకాదే."

"ఏదో ఒకటి. ఇప్పుడు మాట్లాడు, అలవాటవుతుంది."

గ్యాలరీ ఖాళీ అయింది. మైదానం పనివాళ్లు పిచర్ నిలబడే మట్టి దిబ్బని తడిపి, పట్టా కప్పుతున్నారు. పట్టా కప్పాల్సిన పని ఇక లేకపోయినా, చేతులు అలవాటుగా కప్పేస్తున్నాయి.

"నీకు మందు ఎక్కించిన మొదటి రోజున రేడియోలో ఆట వానకి ఆగిపోయింది," అని మొదలుపెట్టాడు ఎల్డన్. "ఆ కామెంటరీవాడు పాపం గంటసేపు వాన గురించే చెప్పాడు. నేను విన్నాను. చెవి రేడియోకిచ్చి పైకే చూస్తుండేవాణ్ణి. మూడో అంతస్తులో చివరి కిటికీ. దాని తెర కదిలితే నువ్వు లేచావనుకునేవాణ్ణి. ఒకరోజు పొద్దంతా కదల్లేదు. ఆ రోజు నేను..."

కొరీన్‌కి తను పడుకున్న మంచం గుర్తొచ్చింది. దాని పక్కన కిటికీలోంచి కనిపించే ఇటుక గోడా, ఆసుపత్రి వంటగది పొగగొట్టమూ గుర్తొచ్చాయి.

"నాన్నా, నా కిటికీ వెనకవైపు. పార్కింగ్‌లోంచి కనపడదు."

ఎల్డన్ మోకాలి మీది టోపీ సర్దుకున్నాడు.

"అలాగా," అన్నాడు. "మరి అన్నాళ్లూ ఎవరి కిటికీ చూశానో."

"ఎవరిదో ఒకరిది," అంది కొరీన్, తల ఆయన భుజం మీద ఆనించి. "ఆ తెర కదలని రోజు ఏం చేశావు? చెప్పు."

గేటు దగ్గర పనివాడు తాళంగుత్తి ఆడిస్తూ, మూసేయాలి పెద్దాయనా, అని కేక వేశాడు. ఇంకాసేపు బాబూ, అన్నాడు ఎల్డన్. చెప్పడం మొదలుపెట్టాడు.